నీళ్ళన్నా పాణి అన్నా మాటే: ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్ళలో పసిపిల్లల పలుకు

పర్లాకిమిడిలో ఒక తెలుగు ఇంటి వసారాలో ఏడాదిన్నర పాప స్టీలు గ్లాసు పట్టుకొని నిలబడి ఉంటుంది. నాయనమ్మ "నీలు తాగుతావేటమ్మా?" అని అడుగుతుంది. ఆ సమయానికే పలకరించడానికి వచ్చిన పక్కింటి ఒడియా ఆవిడ గ్లాసు చూసి "పాణి పిఇబు?" అంటుంది. పాప ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, గ్లాసు ముందుకు చాపి "పాని" అంటుంది. పక్కింటావిడ మురిసిపోతుంది. నాయనమ్మకు మాత్రం బెంగ పట్టుకుంటుంది. పిల్లకు తెలుగు అబ్బడం లేదా, రెండు భాషలు చెవిన పడి మాటలు వెనకబడుతున్నాయా, ఇంట్లో కూడా ఒడియాయే మాట్లాడితే మంచిదా అన్న ప్రశ్నలు ఆ పూటే మొదలవుతాయి.

మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి గంజాం, కోరాపుట్ ప్రాంతాలను విడదీసి 1936 ఏప్రిల్ 1న ఏర్పడిన ఒడిశా రాష్ట్రంలో కలిపిన నాటి నుంచి బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పట్టణాల్లోని తెలుగు కుటుంబాలు ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాషగానే బతుకుతున్నాయి. గజపతి, రాయగడ జిల్లాల కొండ పక్క ఊళ్ళలో సవర, కువి వంటి మరో భాష కూడా బిడ్డ చెవిన పడుతుంది. ఇది ఇక్కడి పిల్లలకు వచ్చిపడిన కొత్త భారం కాదు. పసిబిడ్డ భాష ఎలా నేర్చుకుంటుందన్న విషయంలో గడచిన యాభై ఏళ్ళుగా జరిగిన పరిశోధన చూస్తే, నాయనమ్మ ప్రశ్నలకు చాలావరకు స్పష్టమైన జవాబులే దొరుకుతాయి. రెండు భాషలు వినడం వల్ల మాట ఆగిపోదు. మాటలను ఒకే భాషలో లెక్కపెట్టడం వల్ల మాత్రం బాగున్న బిడ్డ కూడా వెనకబడినట్టు కనిపిస్తుంది, ఆ తప్పుడు లెక్కను నమ్మి ఇంటి భాషను మానేస్తే బిడ్డకు అందే మాటల్లో అతి చిక్కనైన భాగం పోతుంది.

భాషతో బిడ్డ పరిచయం పుట్టకముందే మొదలవుతుంది. గర్భంలో ఆరో నెల దాటాక శిశువుకు శబ్దాలు వినిపిస్తాయి. ఉమ్మనీటి గుండా హల్లుల పదును అందదు గాని, గొంతు ఎగుడుదిగుళ్ళు, మాటల నడక అందుతాయి. పుట్టి మూడు రోజులైనా నిండని శిశువులు తల్లి గొంతు వినడం కోసం చప్పరింపు వేగాన్ని మార్చుకుంటారని 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. నాలుగు రోజుల ఫ్రెంచి శిశువులు ఫ్రెంచిని రష్యన్ నుంచి వేరుగా గుర్తించగలరని 1988లో తేలింది. కడుపుతో ఉన్నప్పుడు రెండు భాషలు మాట్లాడిన తల్లులకు పుట్టిన శిశువులు ఆ రెండింటినీ సమానంగా ఇష్టపడుతూనే, రెండూ వేరు వేరని పోల్చుకోగలరని 2010లో కెనడాలో జరిగిన పరిశోధన చెప్పింది. నడకలో బాగా దగ్గరగా ఉన్న భాషలైతే విడదీయడానికి మరికొంత కాలం పడుతుంది, అయినా స్పానిష్, కటలాన్ రెండూ మాట్లాడే బార్సిలోనాలో నాలుగైదు నెలల పిల్లలు ఆ పని కూడా చేయగలిగారు. అంటే పసిబిడ్డ బుర్రలో రెండు భాషలూ కలగాపులగమై ఒక ముద్దగా పడి ఉంటాయన్న భయానికి ఆధారం లేదు.

ధ్వనుల సంగతికి వస్తే మన భాషల పేరు నేరుగా వినిపించే ఒక ప్రసిద్ధ ప్రయోగం ఉంది. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన ఆ పరిశోధనలో హిందీలోని ట, త ధ్వనుల భేదాన్ని ఇంగ్లీషు మాత్రమే వింటూ పెరుగుతున్న పిల్లలకు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో ఎక్కువమంది ఆ తేడాను పట్టుకున్నారు. పది నుంచి పన్నెండు నెలల వాళ్ళలో పట్టుకోగలిగినవారు చాలా కొద్దిమందే. హిందీ వింటూ పెరిగిన పిల్లలకు మాత్రం ఆ వయసులో కూడా తేడా తెలిసింది. బిడ్డ మొదట ప్రపంచంలోని అనేక భాషల ధ్వనిభేదాలను వినగల చెవితో పుడుతుంది, తొలి ఏడాది చివరికి తన చుట్టూ పనికొచ్చే భేదాలకు ఆ చెవిని బిగించుకుంటుంది. చెవి మొద్దుబారడం అని దీన్ని అనుకోకూడదు, ఇంటి భాషకు పదును పెట్టుకోవడమే ఇది.

గంజాం, గజపతి జిల్లాల తెలుగు బిడ్డ చెవి ఏయే భేదాలకు పదును పెట్టుకుంటుందో చూడటం ఆసక్తికరం. ట–త, డ–ద భేదాలు తెలుగులోనూ ఒడియాలోనూ ఉన్నాయి. ల–ళ భేదం కూడా రెండింటిలోనూ ఉంది. రెండు భాషల్లోనూ మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. హిందీలోలాగా చివరి అకారాన్ని ఒడియా మింగేయదు. ఇంతవరకు ఒక భాషలో చేసిన సాధన రెండో భాషకు ఉచితంగా అందుతుంది. తేడా వచ్చేది రెండు చోట్ల. 'కుడి'కీ 'కూడి'కీ మధ్య ఉన్నది అచ్చు నిడివే. తెలుగులో అర్థాన్ని మార్చే ఈ హ్రస్వదీర్ఘాల భేదం ఒడియా రాతలో కనిపించినా పలుకులో అర్థభేదకం కాదు. మరోపక్క ఒడియాలో క–ఖ, ద–ధ వంటి ఒత్తులు మామూలు ఇంటిమాటల్లోనే వినిపిస్తాయి. తెలుగు ఇళ్ళలో ఆ ఒత్తులు ఎక్కువగా సంస్కృతం నుంచి వచ్చిన మాటలకే పరిమితం, అక్కడ కూడా నిత్య వ్యవహారంలో చాలామంది వాటిని తేల్చేస్తారు. కాబట్టి రెండు భాషల మధ్య పెరిగే బిడ్డ తెలుగు నుంచి నిడివిని, ఒడియా నుంచి ఒత్తును తీసుకుంటూ, ఏ ఒక్క భాషా ఒంటరిగా ఇవ్వలేనంత విశాలమైన ధ్వనుల పటం గీసుకుంటుంది. ఏడాది నిండని బిడ్డ ఎవరూ నేర్పకుండా, పరీక్ష పెట్టకుండా చేసే ఈ పనికి తగినంత మెప్పు ఎన్నడూ దక్కలేదు.

వినడం ఇలా సాగుతుండగానే పలకడానికి సన్నాహం జరుగుతుంటుంది. రెండో నెల, మూడో నెలల్లో 'ఉంగా' కొట్టడం మొదలవుతుంది. బిడ్డ 'ఉంగా' అంటే పెద్దవాళ్ళు 'ఊఁ, ఇంకేంటి' అంటారు, బిడ్డ ఆగి, చూసి, మళ్ళీ 'ఉంగా' అంటుంది. కథ చెప్పేవారికి ఊ కొట్టే అలవాటున్న మన ఇళ్ళలో ఇది మురిపెంగా మాత్రమే కనిపిస్తుంది గాని, సంభాషణకు ప్రాణమైన వంతు మార్చుకోవడం బిడ్డ నేర్చుకునేది ఇక్కడే. ఆరో నెల నుంచి పదో నెల లోపు 'బబబ', 'దదద' వంటి గుణింతపు పలుకులు వస్తాయి. చెవుడుతో పుట్టిన పిల్లల్లో ఈ దశ చాలా ఆలస్యమవుతుంది, 'ఉంగా' మాత్రం మామూలుగానే వస్తుంది. కాబట్టి మూడో నెలలో ఉంగా కొట్టింది కదా, వినికిడికి లోటు లేదు అనుకోవడం పొరపాటు.

మాట త్వరగా రావాలని వస కొమ్మును సానరాయి మీద అరగదీసి ఉగ్గులో కలిపి నాలుకకు రాయడం సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న పాత ఆచారం. ఎడతెగకుండా మాట్లాడేవారిని 'వసపిట్ట' అంటాం. వస వల్ల మాట ముందుగా వస్తుందనడానికి శాస్త్రీయ రుజువు లేదు. ఆరు నెలలు నిండేవరకు శిశువుకు తల్లిపాలు తప్ప మరేదీ పెట్టవద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అయితే ఆ ఆచారం పక్కనే ఇంకొకటి ఉంది. నాయనమ్మో అమ్మమ్మో పీట మీద కాళ్ళు చాపి కూర్చొని, బిడ్డను కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టుకొని, నూనె రాసి, నలుగు పెట్టి, లాల పోస్తూ 'చెయ్యేదమ్మా, ఇదిగో చెయ్యి, కాలేదమ్మా, ఇదిగో కాలు' అంటూ పావుగంట సేపు మాట్లాడుతుంది. నవజాత శిశువు చూపు బాగా ఆనేది జానెడు, జానెడున్నర దూరంలోనే. ఆ దూరంలో ఒక ముఖం, ఆ ముఖంలో కదిలే పెదవులు, తాకిన చోటుకు సరిపడే మాట, రోజూ అదే వరసలో తిరిగి రావడం: భాష అందడానికి ఇంతకంటే మేలైన ఏర్పాటును ప్రయోగశాల కూడా కల్పించలేదు. ఫలితం కనబడితే ఆ పేరు వసకు దక్కింది, దక్కవలసింది లాల పోసిన మనిషికి.

మాటల ప్రవాహంలో ఎక్కడ ఒక మాట ముగిసి మరొకటి మొదలవుతుందో బిడ్డకు ఎలా తెలుస్తుంది? మాట్లాడేటప్పుడు మాటల మధ్య ఖాళీలు ఉండవు. ఎనిమిది నెలల పిల్లలు అర్థంలేని అక్షరాల వరుసను రెండే రెండు నిమిషాలు విని, ఏ అక్షరం తర్వాత ఏది తరచుగా వస్తున్నదో లెక్క పట్టి, అందులోని 'మాటల'ను విడదీశారని 1996లో జెన్నీ శాఫ్రన్ బృందం చూపింది. 'అన్నంతిందువుగానిరా', 'అన్నంపెడతాను', 'అన్నంకాలుతుంది' అని రోజూ వినే బిడ్డకు 'అన్నం' అన్న ముక్క ఎప్పుడూ కలిసే ఉంటుందని, దాని తర్వాత వచ్చేది మారుతుంటుందని ఇలాగే తెలుస్తుంది.

అర్థం చేసుకోవడం పలకడానికి ఎంతో ముందు నడుస్తుంది. ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లలకే కొన్ని తిండి పేర్లు, ఒంటి భాగాల పేర్లు తెలుసని 2012లో బెర్గెల్సన్, స్వింగ్లీ పరిశోధనలో తేలింది. సాధారణంగా తొలి మాట ఏడాది నిండే రోజుల్లో వస్తుంది, ఏడాదిన్నరకు యాభై మాటల దాకా, రెండేళ్ళకు రెండు మూడు వందల దాకా పలుకుతారు. పిల్లలకూ పిల్లలకూ మధ్య తేడా మాత్రం చాలా పెద్దది. ఈ అంకెలు ముఖ్యంగా అమెరికాలోని ఇంగ్లీషు పిల్లలను చూసి కట్టినవి కాబట్టి వాటిని దారిలో మైలురాళ్ళుగా చూడాలి తప్ప తూకపురాళ్ళుగా కాదు. తెలుగులో మాట్లాడేటప్పుడు కర్త జారిపోయి క్రియ చివర నిలబడటం మామూలు. 'దా', 'ఇయ్యి', 'వద్దు', 'పోదాం' వంటి మాటలే ఒంటరిగా వాక్యాలైపోతాయి. బిడ్డకు ఎన్ని పేర్లు వచ్చాయో అడిగి ఊరుకుంటే ఇవన్నీ లెక్కలోకి రాకుండా పోతాయి.

తొలి మాటల ఆకారం కూడా గమనించదగ్గది. అమ్మ, నాన్న, అక్క, అత్త, అవ్వ, బువ్వ అనే మాటల్లో ద్విత్వం ఉంది, తాత, పాప, లాల అనే మాటల్లో దీర్ఘం ఉంది. పసినోటికి సులువైన పెదవుల, పళ్ళ ధ్వనులు, వాటిని గట్టిగా పట్టి నిలిపే ద్విత్వమో నిడివో, ఒకే అక్షరం తిరిగి రావడం: ముద్దు మాటలన్నీ దాదాపు ఈ మూసలోనే ఉన్నాయి. కుక్కను బిడ్డ 'తుత్త' అన్నప్పుడు ఇంటిల్లిపాదీ నవ్వుతారు. కొండనాలుక దగ్గర పుట్టే 'క' చేతగాక దాన్ని పళ్ళ దగ్గరికి తెచ్చుకుంది గాని, 'కుక్క'లోని ద్విత్వాన్ని వదలలేదు, అచ్చులను మార్చలేదు. 'కాకి' 'తాతి' అవుతుంది, దీర్ఘం ఉన్నచోటే ఉంటుంది. తెలుగు మాటకు ఎముకలు ఎక్కడున్నాయో ఆ బిడ్డకు అప్పటికే తెలుసునన్నమాట. ఒడియా పక్కన పెరిగినంత మాత్రాన ఆ ఎముకలు విరగవు.

ఇక లెక్క దగ్గరికి రావాలి, ఎందుకంటే చాలా ఇళ్ళలో భయం పుట్టేది ఇక్కడే. రెండేళ్ళు నిండిన ఒక పాపను ఉదాహరణగా తీసుకుందాం. ఆమె పలికే తెలుగు మాటలు 32, ఒడియా మాటలు 24. అందులో 'నీళ్ళు–పాణి', 'పాలు–దుధొ', 'చందమామ–జొన్హొమాము' వంటి జంటలు 9 ఉన్నాయి. ఒడియాలో మాత్రమే అడిగి రాసుకునే ఉద్యోగికి 24 మాటలే కనిపిస్తాయి. సెలవులకు శ్రీకాకుళం నుంచి వచ్చిన మేనత్తకు 32 కనిపిస్తాయి, ఈ వయసుకు తమ పిల్లవాడు ఎంత మాట్లాడేవాడో ఆమె గుర్తు చేసుకుంటుంది. రెండేళ్ళకు 50 మాటలు లేకపోయినా, రెండు మాటలు కలపకపోయినా ఆలస్యమని గుర్తించడం వాడుక కాబట్టి ఇద్దరి లెక్కలోనూ పాప వెనకబడినట్టే. కానీ రెండూ కలిపితే ఆమెకున్న మాటలు 56. జంటలను ఒక్కటిగా లెక్కించి ఎన్ని వస్తువులకు, పనులకు ఆమె దగ్గర పేరుందని చూస్తే 47. రెండు భాషల పిల్లల మాటలను ఇలా కలిపి లెక్కిస్తే ఒక భాష పిల్లలతో దాదాపు సమానంగానే ఉంటారని మయామీలో స్పానిష్–ఇంగ్లీషు పిల్లలపై 1993లో పియర్సన్ బృందం ప్రచురించిన పరిశోధన చూపింది. ఒక్కొక్క భాషలోని మాటల సంఖ్య ఆ భాష ఎంతసేపు చెవిన పడుతున్నదో దానిని బట్టి పెరుగుతుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. ఇందులో వింత లేదు, రోజుకున్న గంటలను రెండు భాషలు పంచుకుంటున్నాయి. చంద్రుడు రెండు భాషల్లోనూ మేనమామే అయిన చోట ఆ పంపకం బిడ్డకు అంత పరాయిగా ఉండదు కూడా.

జంట మాటలు ఉండటమే మరో మంచి సంకేతం. ఒకే వస్తువుకు రెండు పేర్లు పెట్టుకోవడానికి బిడ్డ సిద్ధపడిందంటే, అవి రెండు వేర్వేరు వ్యవస్థలకు చెందినవని ఆమెకు తెలిసినట్టే. వసారాలో 'పాని' అన్న పాప పక్కింటావిడ అడిగినందువల్ల ఆ మాట ఎంచుకొని ఉండవచ్చు. ఎదుటివారి భాషను బట్టి మాట మార్చడం రెండేళ్ళ పిల్లల్లో పరిశోధకులు స్పష్టంగా చూశారు. 'పాణి కావాలి' అని కలిపి అనడమూ ఉంటుంది. అప్పటికి ఆ భాషలో ఆ మాట దొరక్క ఇంకో భాషలోది తెచ్చుకోవడం అది, పెద్దవాళ్ళు రోజంతా చేసేదే. దిద్దుబాటుగా కోప్పడటం కంటే 'నీళ్ళు కావాలా? ఇదిగో నీళ్ళు' అని మాట నిండుగా తిరిగి ఇవ్వడం మేలు.

'ఇంట్లో ఒకే భాష మాట్లాడండి, అదీ బడి భాషే మాట్లాడండి' అన్న సలహా పట్టణాల్లో సదుద్దేశంతోనే వినిపిస్తుంది. అది తప్పు సలహా అని గట్టిగానే చెప్పవలసి ఉంది. ఒడియా తడుముకుంటూ మాట్లాడే తల్లి తనకు సొంతమైన తెలుగు వదిలేస్తే, బిడ్డకు అందే మాటలు తగ్గుతాయి, వాక్యాలు కురచవుతాయి, లాలి, గారాబం, బుజ్జగింపు, మందలింపు అన్నీ పలచబడతాయి. ఒడియా ఎలాగూ వీధిలో, అంగన్వాడీలో, బడిలో దొరుకుతుంది, తెలుగు ఇల్లు దాటితే అంతగా దొరకదు. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకొని పాఠాలు రాసిన గిడుగు రామమూర్తి ఉపాధ్యాయుడిగా పనిచేసింది ఈ పర్లాకిమిడిలోనే. ఆ ఊళ్ళో ఈ మాట కొత్తగా చెప్పవలసి రావడం బాధాకరం.

మనుషులు నిండుగా ఉన్న ఇంట్లో బిడ్డకు మాటలు వాటంతట అవే వస్తాయన్న నమ్మకం సగమే నిజం. అమెరికాలో స్పానిష్ మాట్లాడే కుటుంబాల్లో రోజంతా మాటలు రికార్డు చేసి 2013లో ప్రచురించిన పరిశోధనలో, పెద్దలు తమలో తాము మాట్లాడుకున్నదాని కంటే బిడ్డను ఉద్దేశించి మాట్లాడినదే ఆమె మాటల సంపదను పెంచిందని తేలింది. టీవీ సంగతి మరీ స్పష్టం. పెట్రీషియా కూల్ బృందం 2003లో తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు పన్నెండు విడతలు చైనా భాష వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చొని ఆడించి మాట్లాడితే ఆ భాష ధ్వనిభేదాలు పట్టుబడ్డాయి, అదే మనిషిని తెర మీద చూపితే పట్టుబడలేదు. ఫోన్ కూడా తెరే కదా, మరి గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వలసపోయిన తండ్రి వీడియో కాల్ మాటేమిటి? 2014లో వచ్చిన ఒక పరిశోధనలో రెండు, రెండున్నరేళ్ళ పిల్లలు రికార్డు చేసిన వీడియో నుంచి కొత్త క్రియాపదాలు నేర్చుకోలేదు గాని, తమకు బదులిచ్చే మనిషి వీడియో కాల్‌లో ఉంటే నేర్చుకున్నారు. తేడా తెరలో లేదు, బదులివ్వడంలో ఉంది. రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌లో 'నా బుజ్జమ్మ ఏం తింది?' అని అడిగి, 'బువ్వ' అన్న జవాబు వచ్చేదాకా ఆగే తండ్రి బిడ్డకు మాట నేర్పుతున్నట్టే.

ఇంతా చెప్పాక కూడా కొందరు పిల్లలకు నిజంగానే సహాయం కావాలి, రెండు భాషల మాట వాళ్ళ విషయంలో అడ్డు రాకూడదు. రెండు భాషల వల్లే ఆలస్యమనుకొని, మగపిల్లలకు మాట ఆలస్యమే అనుకొని, నాలుక కింద దారం ఉందనుకొని ఏడాది గడిపేస్తే పోయేది విలువైన కాలం. ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య సగటున ఉండే తేడా కొద్ది నెలలకు మించదు. నాలుక కింద దారం పాలు తాగడానికో, కొన్ని ధ్వనుల స్పష్టతకో అడ్డు కావచ్చు గాని, మాటలు రాకుండా చేయదు. పుట్టే ప్రతి వెయ్యిమందిలో ఒకరి నుంచి ముగ్గురి వరకు గణనీయమైన వినికిడి లోపం ఉంటుంది. అందువల్ల ఏ అనుమానం వచ్చినా మొదట చూపించవలసింది చెవిని. నెల లోపు పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు వినికిడి పరికరమో చికిత్సో మొదలుకావాలన్నది వైద్యులు పాటించే గీత. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్వాడీలకు వచ్చే వైద్య బృందాలు వికాసంలో ఆలస్యాన్ని కూడా పరిశీలిస్తాయి. ఆ రోజు తల్లి రెండు భాషల మాటలనూ ఒక కాగితం మీద రెండు వరుసల్లో రాసి తీసుకువెళ్తే, చూసేవారికి అసలు లెక్క దొరుకుతుంది.

ఏడాది నిండినా గుణింతపు పలుకులు లేకపోవడం, వేలితో చూపించడమో టాటా చెప్పడమో లేకపోవడం, పదహారు నెలలకు ఏ భాషలోనూ ఒక్క మాట రాకపోవడం, రెండేళ్ళకు తనంత తాను రెండు మాటలు కలపకపోవడం: వీటిలో ఏది కనిపించినా చూపించుకోవాలి. వేలితో చూపడానికి తెలుగు, ఒడియా తేడా లేదు కాబట్టి ఆ గుర్తు సరిహద్దు ఇళ్ళలో మరీ ఉపయోగపడుతుంది. అప్పటిదాకా అన్న మాటలు, చూపిన సైగలు ఏ వయసులోనైనా ఆగిపోతే మాత్రం మరో నెల చూద్దామనుకోకుండా ఆ వారంలోనే పిల్లల వైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళాలి.